కాకికిని ఎలుకకును కుదిరిన చెలిమి

బాలుని మనస్సునకు తొలి ధర్మశాస్త్రము కథయే. అందరితో కలసిమెలసి యుండవలెనని నూరుసార్లు చెప్పినను బాలుడు విని మరచును. వలలో చిక్కిన పావురముల కథ నొక్కసారి చెప్పినచో ముసలితనము వరకును మరువడు. ఈ రహస్య మెరిగియే మన పెద్దలు నీతిని పక్షుల నోటను, మృగముల నోటను పలికించిరి. శివశరణులు సైతము తత్త్వమును పండితులకు మాత్రమే తెలియు పరిభాషలో గాక, జనుల వాడుక మాటలలోను భక్తుల చరిత్రలలోను బోధించిరి.

పిల్లవాడు బడికి పోయిన తొలి దినములలోనే కొన్ని సంగతులు గమనించును. ప్రక్కనున్న బాలుని మెడలో ఇష్టలింగము లేదు. మరియొకని ఇంటి భాష వేరు. వేరొకని బువ్వగిన్నెలోని పదార్థము వేరు. ఒకడు కుంటుచు నడచును, ఒకడు తడబడుచు మాటలాడును. ఇట్లు గమనించుట దోషము కాదు, కన్నులున్నవానికి భేదము కానవచ్చును. సాయంకాలము ఇంటికి వచ్చి, “అమ్మా, వాడెందుకట్లున్నాడు?” అని యడిగినప్పుడు పెద్దలు చెప్పు సమాధానములోనే గుణమైనను దోషమైనను ఉన్నది. ఆ సమాధానము కథారూపమున చెప్పదలచినవారికి మన భాషలో సామగ్రి సమృద్ధిగా కలదు. మిత్రలాభము, శ్రీకాళహస్తి క్షేత్రకథ, శివభక్తుల చరిత్రలు అను మూడు తావులనుండి గ్రహింపబడిన కథలు ఈ పాఠమున విచారింపబడుచున్నవి.

కథ నడచివచ్చిన దారి

మిత్రలాభ కథ మిక్కిలి ప్రాచీనమైనది. విష్ణుశర్మ పేర ప్రసిద్ధమైన పంచతంత్రమునందును, దాని ననుసరించి నారాయణ పండితుడు రచించిన హితోపదేశమునందును ఇది కలదు. క్రీస్తు పూర్వము 2వ శతాబ్ది నాటిదగు భర్హుత్ స్తూపముపై ఒక లేడి, ఒక వడ్రంగిపిట్ట, ఒక తాబేలు కలసి వేటకానిని వంచించిన జాతకకథ చెక్కబడియున్నది. తాబేలు తోలుపాశమును కొరుకుచుండగా, వడ్రంగిపిట్ట వేటకానిని ఇల్లు వెడలనీయక ఆటంకపరచినదని ఆ కథ చెప్పును. వేరువేరు జాతుల ప్రాణులు ఒకదాని నొకటి రక్షించుకొను భావము ఈ దేశమున అంత పాతది.

పంచతంత్రము క్రీస్తు శకము 6వ శతాబ్దిలో పారశీకమునకును, 8వ శతాబ్దిలో అరబ్బీకిని పరివర్తితమై పశ్చిమ దేశములకు ప్రయాణించెను. కన్నడమున దుర్గసింహుడు కల్యాణ చాళుక్యుడగు జయసింహుని ఆస్థానమున 11వ శతాబ్దిలో పంచతంత్రమును రచించెను. అనగా బసవేశ్వరుడు కల్యాణమున నడయాడుటకు నూరేండ్లకు పూర్వమే ఆ సీమలో ఈ కథలు దేశభాషలో వెలసినవన్నమాట. తెలుగున దూబగుంట నారాయణకవి, బైచరాజు వేంకటనాథుడు పద్యములలో రచించిరి. పిమ్మట మదరాసున పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రికను 1853లో వచనమున వెలయించి మిత్రలాభ, మిత్రభేదములను తెలుగు బాలుర చేతికందించెను. తరతరముల విద్యార్థులు ఆ గ్రంథమునందే తెలుగు వచనముయొక్క సొంపును నేర్చిరి.

వల నెత్తిన ఐకమత్యము, వల కోసిన మైత్రి

కథ గోదావరీ తీరమున నొక పెద్ద బూరుగు చెట్టుకడ నారంభమగును. వేటకాడు వలపన్ని నూకలు చల్లెను. పావురముల రాజగు చిత్రగ్రీవుడు నిర్జన వనమున నూకలెట్లు వచ్చెనని శంకించి తనవారిని వారించెను. వారిలో నొకటి ఆ మాటను పరిహసించెను. అన్నియు దిగినవి, చిక్కినవి. చిక్కిన పిమ్మట ఆ పావురమును మిగిలినవి నిందింపగా, ఆపత్కాలమున నింద కూడదని చెప్పి రాజు ఉపాయము చెప్పెను. అన్నియు నొక్కుమ్మడిగా రెక్కలు విదిలించి వలతో కూడ నెగిరిపోయినవి.

సాధారణముగా పెద్దలు కథ నిచ్చట ఆపి, “చూచితిరా, ఐకమత్యమే బలము” అని ముగించెదరు. మాట నిజమే. అయితే ఇచ్చటితో ఆపినచో కథలో సగభాగము జారిపోవును. పావురములు వలతో ఎగిరినవేకాని వల విడిపోలేదు. వేయి పావురము లొక్కటై ఎగిరినను వాని ముక్కులకు త్రాడు తెగదు. అందుకై చిత్రగ్రీవుడు తన జాతివాడు కాని మిత్రుని, హిరణ్యకుడను ఎలుకను వెదకికొనుచు పోయెను. రెక్కలు లేనిది, నేలలో కలుగు త్రవ్వుకొని బ్రతుకునది, ఎగురుట యెట్టిదో ఎరుగనిది యగు ఎలుక పండ్లతో పాశములు తెగినవి.

ఇందు రెండు ధర్మములు వేరువేరుగా నున్నవి. తనవారితో కలసియుండుట ఐకమత్యము. తనవాడు కానివానితో కలసియుండుట మైత్రి. మొదటిది ఆపదనుండి ఎగిరించును, రెండవది ఆపదను ఛేదించును. మఠములు, సంఘములు, సమాజ వసతిగృహములు మన పిల్లలకు మొదటిదానిని చక్కగా నేర్పుచున్నవి. రెండవదానిని కూడ నేర్పినగాని చదువు పూర్తి కాదు. తన సమాజము వెలుపల నొక్క మిత్రుడైనను లేని బాలుడు వలతోకూడ నెగురుచున్న పావురము వంటివాడు.

ఇచ్చటనే మరియొక సూక్ష్మము కలదు. హిరణ్యకుడు మొదట తన మిత్రుని బంధములు కోయబోగా చిత్రగ్రీవుడు వారించి, ముందు తన్నాశ్రయించినవారి పాశములు కోయుమని వేడెను. నాయకుడగువాడు తన సుఖమును చివర నుంచుకొనవలెనన్న మాట బాలురకు వేరుగా చెప్పవలసిన పనిలేదు. కథయే చెప్పును.

ఎలుక సందేహము న్యాయమైనది

ఈ వింతనంతయు లఘుపతనకమను కాకి చెట్టుపైనుండి చూచి, అట్టి మిత్రుడు తనకును కావలెనని కోరి ఎలుక కలుగు వాకిట నిలిచి పిలిచెను. హిరణ్యకుడు లోపలినుండియే బదులు చెప్పెను. కాకి తినునది, ఎలుక తినబడునది. తినువానికిని తిండికిని చెలిమి యెట్లు పొసగునని దాని ప్రశ్న.

పిల్లలకు కథ చెప్పువారు ఈ ఘట్టమును తొందరగా దాటరాదు. ఎలుక మాట దురుసుమాట కాదు, అనుభవము నేర్పిన మాట. తరతరములుగా కాకులవలన ఎలుకలు పొందిన బాధ దాని వెనుక కలదు. కథకుడు ఎలుకను మందలింపలేదు. “నీకింత అనుమాన మేల?” అని కాకిచేత అనిపింపలేదు. కాకియే ఓర్పు వహించి, తన మాటను నమ్మించుకొను భారము తనపై వేసికొనెను. నీ చెలిమి దొరకనిచో నీ వాకిటనే నిరాహారముగా ప్రాణము విడుతునని చెప్పెను. అంతట హిరణ్యకుడు దాని మనస్సు నెరిగి బయటకు వచ్చెను.

ఇందలి నీతి స్పష్టము. ఇద్దరి మధ్య భేదమున్నప్పుడు, ఎవ్వరు బలవంతులో, ఎవ్వరివలన పూర్వము రెండవవారు నొచ్చిరో, వారే ముందుగా వాకిట నిలువవలెను. ఊరిలో నీళ్లబావికడ, గుడికడ అవమానములు పొందిన కుటుంబపు బాలుడు మన ఇంటి గడప త్రొక్కుటకు సంకోచించినచో, “పిలిచినను రాడు” అని తప్పు వానిపై త్రోయుట తగదు. ఒకసారి పిలిచినది చాలదు. కాకివలె నిలిచి పిలువవలెను. వచ్చినప్పుడు వానికి వేరు గ్లాసు వెదుకరాదు. బాలురు మాటలకంటె గ్లాసును ముందుగా గమనింతురు.

నలుగురు మిత్రులు

తరువాత కాకియు ఎలుకయు దండకారణ్యమునందలి సరస్సునకు పోయి మంథరుడను తాబేటిని కలిసికొనెను. మంథరుడు అతిథిమర్యాదలు చేసెను. కొన్నాళ్లకు వేటకాని భయమున పరుగెత్తివచ్చిన చిత్రాంగుడను లేడి నాలుగవ మిత్రుడయ్యెను. ఒకరు ఆకాశచారి, ఒకరు బిలవాసి, ఒకరు జలచరము, ఒకరు వనమృగము. ఒకరి ఇల్లు మరియొకరికి పనికిరాదు, ఒకరి ఆహారము మరియొకరికి సరిపడదు. అయినను తాబేలు ఎగురుట నేర్వవలెనని కాకి కోరలేదు, లేడి నీటిలో మునుగవలెనని తాబేలు కోరలేదు. ఎవరి బ్రతుకు వారు బ్రతుకుచు, ప్రొద్దున కలిసికొని ముచ్చటించుకొనిరి.

ఆపద రాగా ఈ భేదములే ఉపకరణములైనవి. నేలపై మెల్లగా నడచుచున్న మంథరుని వేటకాడు పట్టి వింటికి కట్టుకొని పోవుచుండెను. మిగిలిన మువ్వురు ఉపాయము పన్నిరి. లేడి నీటి యొడ్డున చచ్చినదానివలె పడియుండెను. కాకి దానిపై వ్రాలి ముక్కుతో పొడుచుచున్నట్లు నటించెను. చచ్చిన లేడి దొరికినదని వేటకాడు తాబేటిని దించి అటు పోయెను. ఎలుక త్రాడు కొరికెను. తాబేలు నీట మునిగెను. లేడి లేచి పరుగిడెను, కాకి ఎగిరిపోయెను.

ఒక్క క్షణము ఆలోచింపుడు. నలుగురును కాకులే యైనచో త్రాడు కోయువారెవరు? నలుగురును తాబేళ్లే యైనచో వేటకానిని మరపించువారెవరు? భేదమును సహించుట మిత్రునిపై దయ చూపుట అని కొందరందురు. కథ అంతకంటె లోతైన సంగతి చెప్పుచున్నది. మిత్రుని భేదమే మన ప్రాణరక్ష. వాడు మనవలె లేకుండుటవలననే మనకు ప్రయోజనకారి అగుచున్నాడు.

నక్క పలికిన మంచిమాట

అయినచో వచ్చిన ప్రతివానిని గ్రుడ్డిగా నమ్మవచ్చునా? హితోపదేశము ఈ ప్రశ్నను విడువలేదు. హిరణ్యకుడు కాకితో చెప్పిన ఉపకథలోనే దానికి సమాధానము కలదు. సుబుద్ధియను కాకికిని ఒక లేడికిని చెలిమి యుండెను. క్షుద్రబుద్ధియను నక్క బలిసిన ఆ లేడిని చూచి, దాని మాంసమునకై మిత్రునివలె వచ్చి చేరెను. కులశీలములు తెలియనివానికి తావీయరాదని కాకి హెచ్చరింపగా, వీడు తనవాడు, వీడు పరుడు అను లెక్క అల్పులకేగాని ఉదారులకు ప్రపంచమంతయు కుటుంబమే అని నక్క బదులు చెప్పెను. నేడు సభలలో తరచుగా ఉదాహరింపబడు ఆ శ్లోకమును హితోపదేశకారుడు నక్క నోట పెట్టెనన్న సంగతి పలువు రెరుగరు.

మాట మంచిదే, పలికిన నోరు మంచిది కాదు. పిమ్మట నక్క లేడికి పచ్చని పైరు చూపి వలలో పడునట్లు చేసెను. వల కొరికి రక్షింపుమని లేడి వేడగా, ఇది నరములతో చేసిన పాశము, నేడు ఆదివారము, పండ్లతో ఎట్లు ముట్టుదును అని వ్రతము సాకుగా చెప్పెను. ఇచ్చట పిల్లలు తప్పక నవ్వుదురు, నవ్వనిండు. నవ్వుచునే వారొక గొప్ప సత్యమును గ్రహింతురు. ఎలుక మాటలు తక్కువగా చెప్పి పండ్లు వాడెను. నక్క మాటలు గొప్పగా చెప్పి పండ్లు దాచుకొనెను. తుదకు కాకి ఉపాయముచే లేడి చచ్చినట్లు పడియుండి, రైతు వల విప్పగానే పరుగెత్తెను. రైతు విసరిన కర్ర నక్కకు తగిలెను.

కావున భేదమును మన్నించుట వేరు, పరీక్ష లేక నమ్ముట వేరు. పరీక్ష దేనితో చేయవలెనన్నదే ముఖ్యము. లఘుపతనకమును జాతి చూచి త్రోసివేసినచో హిరణ్యకునికి మంచి మిత్రుడు దక్కకపోవును. క్షుద్రబుద్ధిని మాట చూచి నమ్మి లేడి మోసపోయెను. జాతియు కొలబద్ద కాదు, మాటయు కొలబద్ద కాదు, నడత యొక్కటే కొలబద్ద. పుట్టుక నడుగక నడతను చూడవలెనన్న శరణుల బోధకును ఈ నీతికిని భేదము లేదు.

పాము, ఏనుగు: చేయదగిన చెలిమి చెడిన కథ

చెలిమి కుదిరిన కథలవలెనే కుదరని కథయు బోధించును. శ్రీకాళహస్తి పేరులోనే అట్టి కథ యున్నది. శ్రీ యనగా సాలెపురుగు, కాళ మనగా పాము, హస్తి యనగా ఏనుగు. ఈ మూడును అచ్చటి శివుని కొలిచి తరించినవని క్షేత్రకథ. ధూర్జటి 16వ శతాబ్దిలో ఈ మహిమను ప్రబంధముగా రచించెను.

పాము మణులు తెచ్చి లింగమున కలంకరించెడిది. ఏనుగు వచ్చి, ఈ రాళ్లెవ్వరు పెట్టిరని వానిని తొలగించి, తొండముతో నీరు తెచ్చి అభిషేకించి, పూలును ఆకులును అర్పించి పోయెడిది. పాము మరల వచ్చి, నా స్వామిపై ఈ చెత్త ఎవ్వరు వేసిరని బాధపడి, వానిని త్రోసి మణులుంచెడిది. దినదినము నిట్లే జరిగెను. తుదకు పాము కోపించి ఆకులలో దాగియుండి ఏనుగు తొండములో దూరెను. ఏనుగు ఆ బాధ సహింపలేక తలను కొండకు మోదుకొనెను. రెండును మరణించినవి. శివుడు రెండింటికిని ముక్తి నిచ్చెను.

పెద్దలు చెప్పునప్పుడు చివరి వాక్యముపై మనస్సు నిలిపి, ఎంతటి భక్తి యని ఆశ్చర్యపడుదురు. పిల్లల దృష్టి వేరొకచోట నిలుచును. “రెండును ఒకే దేవుని కొలుచుచుండగా ఎందుకు చంపుకొన్నవి?” అని వారడుగుదురు. ఈ ప్రశ్నను అణచరాదు, కథలోని సారమంతయు దానిలోనే యున్నది. పాము దుష్టము కాదు, ఏనుగు దుష్టము కాదు. ఒకదాని పూజ మరియొకదానికి చెత్తగా కనబడినది, అంతియే. ఒక్కనాడు పాము దాగియుండి కాటువేయుటకు బదులు దాగియుండి చూచినచో, ఏనుగు తొండమెత్తి నమస్కరించుట కనబడియుండును. “ఇదియు నావలెనే స్వామిని ప్రేమించుచున్నది” అని తెలిసియుండును. శివుడు రెండింటి పూజను స్వీకరించెను. ఒకదాని పూజ నొకటి స్వీకరింపలేకపోయినవి.

ఈ కథ పరుల విషయమున మాత్రమే కాదు, మన ఇండ్లలో కూడ అన్వయించును. ఒక మఠమువారి ఆచారము వేరొక మఠమువారికి కొత్తగా తోచును. కల్యాణపు ఆచారము నాశ్రయించినవారు, పీఠముల సంప్రదాయము నాశ్రయించినవారు ఒకరి నొకరు విమర్శించుకొనుచుండగా పిల్లలు వినుచునే యుందురు. మణులు తీసివేయుటయు ఆకులు త్రోసివేయుటయు ఇంటనే చూచిన బాలుడు బడిలో మైత్రి యెట్లు నేర్చును?

చూచి తెలిసికొన్న అర్చకుడు

అదే క్షేత్రమున జరిగినదిగా చెప్పబడు మరియొక కథలో పాము చేయజాలని పని ఒక మనుష్యుడు చేసెను. తిన్నడను బోయ యువకుడు అడవిలో శివలింగమును చూచి ప్రేమతో కరగిపోయెను. వానికి మంత్రము తెలియదు, మడి తెలియదు. పుక్కిట నీరు తెచ్చి అభిషేకించెను, తలలో పూలు తురిమి తెచ్చెను, తాను రుచి చూచిన మాంసమును నివేదించెను. నిత్యము పూజ చేయు అర్చకుడు వచ్చి చూచి, ఘోరము జరిగినదని శుద్ధి చేసి విలపించెను. అప్పుడు శివుడు అతనిని దాగియుండి చూడుమనెను.

అతడు చూచెను. లింగమునకు ఒక కంట రక్తము కారగా తిన్నడు తన కన్ను పెకలించి అతికెను. రెండవ కంట రక్తము కారగా, ఆ తావు గుర్తుండుటకై పాదమును లింగముపై నుంచి రెండవ కన్నును పెకలింపబోయెను. శివుడు వారించి కన్నప్ప యని పిలిచెను.

కన్నప్ప త్యాగము ప్రసిద్ధము. అర్చకుని మార్పును గమనించువారు తక్కువ. నేర్చిన విధి వేరైనను, కన్నులారా చూచిన ప్రేమను అతడు కాదనలేదు. కన్నప్ప అర్చకుడు కాలేదు, అర్చకుడు బోయ కాలేదు. ఒకరి నొకరు ఎరిగిరి. మంచి బాలునకు కన్నప్ప త్యాగమును అనుకరించుట సాధ్యము కాదు, చెప్పువారు దానిని కోరరాదు. అర్చకుని అనుకరించుట మాత్రము ప్రతి బాలునకు సాధ్యము. తెలియని యాచారము కనబడినప్పుడు ముందు తిట్టక, ముందు చూడవలెను.

చెన్నయ్య అంబలి

పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిలో ద్విపదలో రచించిన బసవపురాణము భక్తుల కథలకు గని. ఈ గ్రంథమును భీమకవి 1369లో కన్నడించెను. దానియందు మాదార చెన్నయ్య కథ బాలురకు మిక్కిలి ప్రీతికరము. చెన్నయ్య చోళరాజు గుఱ్ఱములకు గడ్డి తెచ్చువాడు. అస్పృశ్యుడని లోకులచే ఎంచబడినవాడు. తన భక్తిని ఎవ్వరికిని చెప్పక లోలోన కాపాడుకొనెను. శివుడు వాని ఇంటి అంబలిని వానితో కలసి ఆరగించెను. ఆనాడు రాజు పెట్టిన నైవేద్యము శివుడు ముట్టలేదు. చెన్నయ్య ఇంట తృప్తిగా భుజించితినని చెప్పగా, రాజు పరుగెత్తిపోయి ఆ గడ్డిమోపువాని పాదములకు మ్రొక్కెను.

బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున ఉన్నత పదవిలో నుండియు తన్ను చెన్నయ్య ఇంటివానిగా చెప్పుకొనెను. కల్యాణమున ఆయనతో కూర్చున్నవారిలో బట్టలుతుకు మాచయ్య, పడవనడుపు చౌడయ్య, కట్టెలమ్ము మారయ్య, తోళ్లు పదనుచేయు కక్కయ్య, చెప్పులుకుట్టు హరళయ్య కలరు. వారు తమ కాయకములను విడిచి ఒక్క పని చేయువారు కాలేదు. ఎవరి కాయకము వారు చేయుచు, ఎవరి మాట వారు పలుకుచు, ఒక్క పంక్తిని కూర్చుండిరి. దండకారణ్య సరస్తీరమున నలుగురు మిత్రులు చేసినదానినే వీరు కల్యాణమున చేసిరి. వచ్చినవానిని పరాయివాడని వేరుచేయక తన ఇంటివానిగా నెంచవలెనని బసవేశ్వరుడు వచనమున ప్రార్థించెను. హరళయ్య ఇంటికిని మధువరసు ఇంటికిని కుదిరిన వియ్యము మూలమున శరణులు ఘోరశిక్షలకు గురియైరని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ కథ చిన్నవారికి కాదు, 12 ఏండ్లు దాటినవారికి చెప్పదగినది. సమానత్వము తేలికగా లభించినది కాదని వారెరుగవలెను.

కథ చెప్పువారు గమనింపవలసినవి

మొదటిది, కథల నెన్నుకొనుట. బసవపురాణమున మృదువైన కథలతోపాటు పరమతస్థులతో వాదములు, పంతములు, ఉగ్రభక్తి చర్యలు గల కథలును కలవు. అవి మతములు పరస్పరము పోరాడుచుండిన కాలమున పుట్టినవి. వానిని దాచవలసిన పని లేదు. అయితే చరిత్రజ్ఞానము కలిగిన పిమ్మట పెద్దలు చదువుకొనవలసినవే కాని, ప్రక్క బెంచీలోని జైన బాలునితోనో ముస్లిం బాలునితోనో ఆడుకొను ఏడేండ్లవానికి చెప్పదగినవి కావు. గొడగూచి పాలకథ, ముగ్ధ సంగయ్య కథ, బెజ్జ మహాదేవి కథ, చెన్నయ్య కథ ఆ వయస్సునకు చాలును.

రెండవది, ఆహారము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్న భోజనమున గ్రుడ్డు పెట్టుదురు. మన ఇండ్ల బాలుడు దానిని ముట్టడు. “నేను తినను” అని చెప్పుటకు వానికి ధైర్యము నేర్పవలెను. “నీవు తినుచున్నావు కనుక దూరముగ కూర్చుండుము” అని చెప్పకుండుటకు వివేకము నేర్పవలెను. ఈ రెండు వాక్యముల మధ్య నున్న దూరమే ఆచారమునకును అహంకారమునకును గల దూరము. కాకియు ఎలుకయు ఒకే ఆహారము తినుటచేత మిత్రులు కాలేదు. ఒకదానిని మరియొకటి తినకుండుటచేత మిత్రులైరి.

మూడవది, భాష. జహీరాబాదు, నారాయణఖేడ్ ప్రాంతములలో మన కుటుంబములు కన్నడము, తెలుగు, మరాఠీ, ఉర్దూ మాటలు కలగలిపి మాటలాడుదురు. ఆ మాట తీరును బడిలో ఎవ్వరైన ఎగతాళి చేసినప్పుడు మన బాలునకు కలుగు నొప్పి మనకు తెలియును. అదే నొప్పి మన బాలుడు పరుల యాసను ఎగతాళి చేసినప్పుడు వారికి కలుగును. తన నొప్పినుండి పరుని నొప్పి నెరుగుటయే దయ. ధర్మమునకు దయయే మూలమని బసవేశ్వరుని బోధ.

నాలుగవది, చెప్పు తీరు. నీతిని ముందు చెప్పి కథను తరువాత చెప్పరాదు. కథ ముగిసిన వెంటనే నీతిని ప్రకటింపరాదు. ప్రశ్న వేసి ఊరకుండవలెను. పిల్లవాడు తానే చెప్పిన నీతి వానిది, పెద్దలు చెప్పిన నీతి పెద్దలదే.

పిల్లల నడుగదగిన ప్రశ్నలు

1. పావురము లన్నియు ఒక్కటై ఎగిరినవి గదా, మరల ఎలుక కడకు ఎందుకు పోవలసివచ్చెను?

2. ఎలుక మొదట కాకిని నమ్మకపోవుట తప్పా? నీవే ఎలుక వైనచో ఏమి చేయుదువు?

3. నక్క చెప్పిన మాట మంచిదే గదా, నక్క చెడ్డదని ఎట్లు తెలిసెను?

4. పాము, ఏనుగు మాటలాడుకొనగలిగినచో ఏమని చెప్పుకొనెడివి? ఆ సంభాషణ వ్రాయుము.

5. నీ తరగతిలో నీకంటె వేరుగా నున్నవారిలో నీవింతవరకు మాటలాడనివా రెవరు? రేపు మొదటి మాట యేమి పలుకుదువు?

చివరి ప్రశ్నకు సమాధానము పుస్తకములో వ్రాయింపవలదు. మరునాటి సాయంకాలము బాలుడు ఇంటికి వచ్చినప్పుడు, మాటలాడితివా యని తల్లి ఒక్కమా టడిగిన చాలును. ఆ మిత్రుడు ఒకనాడు మన గడపకు వచ్చినప్పుడు ఇంటివారు లేచి, “రా నాయనా, కూర్చో” అని పిలిచి, అందరికిచ్చు గ్లాసుతోనే మజ్జిగ ఇచ్చినచో, మిత్రలాభము ఆ ఇంట కథగా గాక బ్రతుకుగా నిలుచును.